ఆగిపోయిన బ్లాకులు

జూన్ 3
బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లులో గ్యాస్ లీకైంది. సెన్సర్ వెంటనే పట్టింది. మా కంపెనీ సాఫ్ట్‌వేర్ అలారం మోగించేసరికి ఆలస్యమైపోయింది. పర్వత్ పాటియాలో మా గల్లీలోనే ఉండే నర్సింగం కాక ఆ మిల్లులోనే పనిచేస్తాడు, లోపలే స్పృహ తప్పాడు. ఆస్పత్రిలో ఉన్నాడు.

జూన్ 4
కారణం దొరికింది. సెన్సర్ల డేటా బ్లాకులుగా వస్తుంది. చాలా థ్రెడ్లు, అంటే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు, వాటిని ఒకేసారి అందుకుంటాయి. ఒక థ్రెడ్ తను డేటా మీద వేసిన లాక్ వదలకుండా రెండోదాని కోసం చూస్తుంది, రెండోది మొదటిదాని కోసం. రెండూ కదలవు. వెనక బ్లాకులన్నీ ఆగిపోతాయి.

మేనేజర్ వరప్రసాద్ గారు రోజూ పొద్దున సర్వర్ రీస్టార్ట్ చేస్తే చాలన్నారు. చాలదన్నాను. డేటా వచ్చే పైప్‌లైన్ కోడ్ మొత్తం తిరగరాస్తానన్నాను. పక్క సీటులో సుహాస్ తల ఎత్తలేదు. ఆ కోడ్ అతనిదే.

జూన్ 5
ఆస్పత్రికి వెళ్లాను. కాక మాట్లాడితే దగ్గు. "గా గంట జర ముందుగాల మోగకపాయె బిడ్డా" అన్నాడు. అది మా సాఫ్ట్‌వేరేనని చెప్పాను.  "అయితే మంచిగ జెయ్యి" అన్నాడు.

జూన్ 9
లాకులు తీసేస్తున్నా.

జూన్ 12
ఇక ఒక్కో బ్లాక్ ఒక్క థ్రెడ్‌దే. పనవగానే క్యూలో పెట్టి వదిలేయాలి. లీకైన రోజు డేటాను కొత్త కోడ్‌లో నడిపాను. అలారం వెంటనే మోగింది. కానీ బ్లాకులు వెనకాముందయ్యాయి. గ్యాస్ ఉండగానే తగ్గిందని చూపించి అలారం ఆగిపోయింది. ఇది పాతదానికన్నా ప్రమాదం. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

జూన్ 13
సుహాస్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. నా మీద కోపం వచ్చిందని ముందే చెప్పేశాడు. తర్వాత, బ్లాకులకు వచ్చిన వరుసలో నంబర్లు వేసి, చివర్లో ఆ వరుసలోనే తీసుకుందామన్నాడు. ఒకటి రాకపోతే అన్నాను. రాలేదని కూడా అలారం కొడదామన్నాడు. ఇద్దరం కలిసి రాశాం.

జూన్ 18
ఏదైనా అయితే బాధ్యత ఎవరిదని వరప్రసాద్ గారు అడిగారు. నాదన్నాను. మాదన్నాడు సుహాస్. ముందు పాతదాని పక్కన నడిపి చూడమన్నారు.

జూన్ 23
పాతది మళ్లీ బిగుసుకుపోయింది. కొత్తది నడుస్తూనే ఉంది. వరప్రసాద్ గారు రెండు స్క్రీన్లూ చూశారు. మార్చేయమన్నారు.

జూలై 11
మిల్లులో మళ్లీ లీక్. అలారం వెంటనే మోగింది. అందరూ బయటికొచ్చారు. ఈ వారమే తిరిగి డ్యూటీలో చేరిన కాక రోడ్డు మీంచి ఫోన్ చేశాడు. చేతిలో చాయ్ గ్లాసు ఇంకా వేడిగానే ఉందట.