మెట్టుకో బెల్లం ముక్క

అన్నకు నీ చెల్లెలు సుజాత దండాలు. నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. ఐదో తరగతితో బడి మానినదాన్ని, ఏమనుకోకు. బాపు దగ్గు తగ్గిందా? అవ్వ నడుము ఎలా ఉంది? ఎడపల్లిలో చెరుకు నరకడం మొదలైందా? మేమిద్దరం బాగానే ఉన్నాం. ఫోన్లో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను.

నిజామాబాద్‌లో చలి బాగా ఉంది. మా ఆయన వెల్డింగ్ షాపుకు పోతే చీకటి పడ్డాకే వస్తాడు. ఈ పై అంతస్తు గదిలో పగలంతా నాకు తోడు మన మోతి ఒక్కటే. పెళ్లయి వచ్చేటప్పుడు నేను ఏడుస్తుంటే నీ కుక్కను నువ్వే ఆటో ఎక్కించావు. అప్పటికే అది ముసలిది.

అన్నా, దాన్ని నేను సరిగ్గా చూసుకోలేదు. కొన్నాళ్లుగా మెట్ల దగ్గరికి రాగానే కూర్చుండిపోయేది. ఊరి మీద బెంగతో మొండికేస్తోందనుకున్నాను. నువ్వు పంపే బెల్లం మెట్టుకో ముక్క పెట్టేదాన్ని. దానికోసం కుంటుకుంటూ ఎక్కేది. తిని తిని బరువెక్కింది. చివరికి బెల్లం చూపినా లేవలేదు. ఎత్తుకొని మెట్లు దించుతుంటే ఇంటి ఓనరమ్మ నవ్వింది.

"కుక్కను సంకనేసుకున్నవ్, పిల్లనెప్పుడు ఎత్తుకుంటవే?"

మోతిని అలాగే ఎత్తుకొని దవాఖానకు పోయాను.

పశువుల దవాఖానలో డాక్టరు కాళ్లు వంచి చూస్తే మోతి మూలిగింది.

"మొండితనం కాదమ్మా, కీళ్లనొప్పి. ఏం పెడుతున్నవ్ దీనికి?"

"బెల్లం సార్."

"బెల్లమా! అల్లున్నేమన్న మేపుతున్నవా?"

బెల్లం బందు, మెట్లు బందు అన్నాడు. బరువు తగ్గాలట, మెత్తటి మట్టి మీద రోజూ కాస్త నడవాలట. మనుషుల నొప్పి గోళీలు అస్సలు వేయొద్దట. దానికి వేరే రాసిచ్చాడు, తిన్నాక వేయాలి. గదిలో బండల మీద జారకుండా గోనెసంచులు పరిచాను. కానీ ఈ మెట్లను ఏం చేయను? కింద గది ఎక్కడా దొరకలేదు.

"ఊరికి పంపుదాం. నీ కోసం దాన్నెందుకు గోస పెట్టుడు?" అన్నాడు మా ఆయన.

ఆ మాట నిజమే. నొప్పి అని తెలిశాక కూడా ఫోన్లో నీకు బాగుందనే చెప్పాను. అది ఊరికి పోతే నేను ఎవరితో మాట్లాడాలి అని.

ఆదివారం ఆటో తీసుకొని రా. మన వాకిట్లో మెట్లు లేవు. చలికి పాత బొంత వేయి, చెరుకు ట్రాక్టర్ మీదికి ఎగరనీయకు. బెల్లం కోసం చూస్తే నువ్వు దాని మొహం చూడకు. వచ్చినప్పుడు నేను వద్దంటాను, ఇక్కడే ఉంచుకుంటానంటాను. వినకు, ఎత్తుకొని పో.

బాపుకు, అవ్వకు దండాలు చెప్పు. మమ్మల్ని దీవించమను. ఇది చదివి పొయ్యిలో వెయ్యి. అవ్వకు తెలిస్తే కుక్కతో పాటు నన్ను కూడా తీసుకురమ్మంటుంది. ఆ మాట అంటే చాలు, నేను ఆటో ఎక్కి కూర్చుంటాను.

నీ చెల్లెలు,
సుజాత