లిల్లీ చెప్పిన రేటు

జూలై 3

చైనా ఫ్యాక్టరీ నుంచి లిల్లీ రేటు పంపింది. పీసు ఇరవై నాలుగు డాలర్లు. చక్రాల స్పీకరు, బ్లూటూత్, రెండు వైర్‌లెస్ మైకులు, అన్నీ కలిపి. పైన గులాబీ బొమ్మ. కింద "డియర్, ఇంతకన్నా తగ్గదు" అని.

పద్దెనిమిది అని కొట్టినా.

కొట్టమన్నది శీనన్న. విడవలూరులో ఆయన మైకుల షాపు, ముత్తుకూరులో మాది. ఇద్దరం కలిస్తేనే ఆ చైనా ఫ్యాక్టరీ అడిగినన్ని పీసులు తీసుకోగలం. "నువ్వు టీచరమ్మగా చేసినదానివి, ఇంగ్లీషు వచ్చు, నువ్వే మాట్లాడు" అని నా నెత్తిన పెట్టినాడు. "రేవులో చేపల వేలంపాట చూళ్ళేదా ఎస్తేరమ్మా? వాళ్ళు వెయ్యి అంటే మనం మూడొందల కాడ మొదలుపెట్టాల."

చేపల పాటలో చేప కళ్ళ ముందుంటది. అమ్మేవాడు కూడా.

జూలై 4

ఏడుపు బొమ్మ ఒకటి పంపింది. అంతే.

జూలై 6, ఆదివారం

ఆరాధన అయి వచ్చి షాపు తీసేసరికి రొయ్యల గుంటల కాడ పనిచేసే ఆయన నిలబడి ఉన్నాడు. స్పీకరు కావాలంట. రేటు చెప్పినా. ఫోను నా ముఖం ముందు పెట్టినాడు – "అక్కా, ఆన్‌లైన్‌లో ఇంతే ఉండాది చూడు."

చూసినా. చెన్నై డీలరు మాకు ఇచ్చే రేటు కన్నా తక్కువ. నేను కొనే దానికన్నా తక్కువకు ఆయన కొంటాడు. "మాది గ్యారంటీ అన్నా" అన్నా. "వాళ్ళూ ఇస్తారంట" అన్నాడు. పోయినాడు.

పోయిన క్రిస్మస్‌కు డీలరు ఇచ్చిన మైకులు సగం తిరిగొచ్చినాయి. అడిగితే ఫోనెత్తలా. అందుకే గదా ఈ లిల్లీ, ఈ డాలర్లు.

జూలై 8

ఇరవై రెండుకు దిగింది.

వేరే ఫ్యాక్టరీలకు కూడా రాసినా. అందరినీ అడిగిన మొదటి మాట ఒకటే – మీకు ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? మన ప్రభుత్వం దగ్గర రిజిస్టరు కాని సరుకు రేవు దాటి బయటికి రాదు. చాలామందికి లేదు. ఉన్న ఇంకొకాయన ఇరవై ఏడు అన్నాడు.

అంటే లిల్లీ తప్ప దిక్కు లేదు. ఆమెకూ తెలుసు. తెలుసని నాకూ తెలుసు. అయినా రాసినా – "ఇంకో ఫ్యాక్టరీ ఇరవైకే ఇస్తామంటోంది."

"అయితే అక్కడే తీసుకోండి డియర్." పక్కన నవ్వు బొమ్మ.

సిగ్గుగా అనిపించింది. మా ఆయన చదివి పడీపడీ నవ్వినాడు. "నీకు అబద్ధం చేతగాదు ఎస్తేరూ, వదిలెయ్."

జూలై 13, ఆదివారం

లిల్లీ పంపిన శాంపిల్ నిన్న వచ్చింది. ఈయన పొద్దున్నే మందిరానికి మోసుకుపోయి పెట్టినాడు.

మా పాస్టరు అయ్యగారికి గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి మాట పైకి రాదు. ముందు రెండు చాపల వాళ్ళకే వినపడేది. ఈరోజు మైకు పట్టుకుని మెల్లగా వాక్యం మొదలుపెట్టినాడు... వెనక వరుసలో ముసలామె దేవమ్మత్త తల ఎత్తింది. బయట చెప్పులు వదులుతున్న వాళ్ళు అట్నే నిలబడిపోయినారు. ఆరాధన అయినాక దేవమ్మత్త నా చెయ్యి పట్టుకుంది – "పక్కన కూర్చుని చెప్పినట్టుండాది మే."

అయ్యగారు అడిగినాడు, "క్రిస్మస్‌లోపు మందిరానికి ఒకటి వస్తుందా అమ్మా?"

తప్పకుండా అయ్యగారూ, అన్నా. ఎందుకు అంత గట్టిగా అన్నానో.

జూలై 16

శీనన్నకు అయ్యప్ప భజన బృందాల వాళ్ళు చెప్పి పెట్టినారంట. కార్తీకం దాటకుండా కావాలంట. వడ్లు అమ్మిన డబ్బులు ఇందులోకే తీసినాడు. వదినె మాట్లాడటం మానేసిందంట. నవ్వుతా చెప్పినాడు గానీ నవ్వు కళ్ళల్లో లేదు.

జూలై 22

లిల్లీ వీడియో కాల్ చేసింది!

ఇన్నాళ్ళూ ఎవరో పెద్ద మేడమ్ అనుకున్నా. సన్నగా, ముప్పై ఉంటాయేమో. వెనక పొడుగు బల్ల, నీలం కోట్లు వేసుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని స్క్రూలు బిగిస్తున్నారు. ఒక్కరూ తలెత్తలా. ఆమె ఇంగ్లీషు నాకు సగం, నా ఇంగ్లీషు ఆమెకు సగం. మిగతాది ఫోనే అనువాదం చేసి పెట్టింది.

మధ్యాహ్నం అన్నం తింటా మాట్లాడింది. గిన్నె చూపించింది. నేను మా రొయ్యల పులుసు చూపించినా. "స్పైసీ?" అని కళ్ళు పెద్దవి చేసింది. కూతురు అమ్మమ్మ దగ్గర ఊళ్ళో ఉందంట, రైల్లో రాత్రంతా పోవాలంట. ఫోటో చూపించింది. రెండు జడలు.

నన్ను ఏమని పిలవాల అంది. అక్కా అనమన్నా. "అక్-కా." మళ్ళీ మళ్ళీ అని నవ్వుకుంది.

తర్వాత తనే చెప్పింది. నెలాఖరుకు ఇన్ని ఆర్డర్లు తేవాలని లెక్క ఉందంట. ఈ నెల ఇంకా ఒకటి తక్కువంట. అది కూడా రాకపోతే... అనువాదం ఆగిపోయింది. చేత్తో చూపించింది, బయటికి, అన్నట్టు.

కాల్ అయినాక శీనన్నకు చెప్పినా. ఎందుకు చెప్పినానో. మనసాగక చెప్పినా. ఆయన ఎగిరి గంతేసినాడు. "చిక్కింది! ఇంక నెలాఖరు దాకా ఉలకొద్దు, పలకొద్దు."

జూలై 26

"అక్కా, ఇరవై ఒకటి?"

బదులివ్వలా. శీనన్న ఒట్టు పెట్టించుకున్నాడు.

జూలై 28

"అక్కా, బాగున్నారా?"

బదులివ్వలా. ఫోను బోర్లా పెట్టి షాపు ఊడ్చుకున్నా.

జూలై 31

పొద్దున్నే శీనన్న వచ్చి కౌంటరు ముందు కూర్చున్నాడు. టీ తాగినాడు. "ఇప్పుడు కొట్టు. పంతొమ్మిదిన్నర. సాయంత్రంలోపు అవుననాల, లేదంటే లేదు."

కొట్టినా.

చాలాసేపు రాస్తున్నట్టు చూపించింది. ఆగింది. మళ్ళీ రాసింది. ఆగింది. ఆఖరికి – "సరే. మీరు చాలా గట్టి మనిషి అక్కా."

శీనన్న లేచి బల్ల చరిచినాడు. మిఠాయి తెప్పించినాడు. ఈయన కూడా "పర్లేదే, గెలిచినావే" అన్నాడు. నిజంగానే సంతోషం వేసింది, కాదనను. మిఠాయి తిన్నా. ఆమె మాట మాత్రం అన్నం దగ్గర గుర్తొచ్చింది. గట్టి మనిషి. నన్ను ఎవరూ ఎప్పుడూ అట్లా అనలా.

ఆగస్టు 2

అడ్వాన్స్ పంపినాం. బ్యాంకులో ఆ అమ్మాయి "చైనాకా మేడమ్?" అని రెండుసార్లు అడిగింది.

ఆగస్టు 11

లిల్లీ మెసేజ్. బ్యాటరీల రేటు పెరిగిందంట. పాత రేటుకే కావాలంటే చిన్న బ్యాటరీ వేస్తామంటున్నాడంట వాళ్ళ మేనేజరు.

ఈయన గట్టిగా వద్దన్నాడు. "చిన్నది వేస్తే భజన సగంలో మూగపోతుంది. ఆ మర్నాడు తెచ్చి మన గడప ముందే పెడతారు."

రాసినా – మాట ఇచ్చినావు గదా లిల్లీ.

ఆగస్టు 12

"అవును అక్కా. మాట ఇచ్చాను. రేటు అదే. బ్యాటరీ అదే. రేపు మేనేజరుతో మాట్లాడతాను."

ఈయనకు చూపించినా. ఎంత మంచి పిల్ల, అన్నాడు.

ఆగస్టు 14

ఏమీ రాలా.

ఆగస్టు 18

"డియర్ కస్టమర్, శుభోదయం. నేను లిల్లీ. మీ ఆర్డరు కొత్త రేటు ఇరవై రెండు డాలర్లు. దయచేసి ఒప్పుకోండి."

మూడుసార్లు చదివినా. డియర్ కస్టమర్ ఏంది? "ఏంది లిల్లీ ఇది, మనం మాట్లాడుకున్నాం గదా, నేను అక్కను" అని రాసినా.

"ముందు ఉన్న ఉద్యోగి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను లిల్లీ. మీ ఆర్డరు నేను చూస్తాను."

ఇప్పుడు నేను లిల్లీ.

అంటే అది ఆమె పేరు కాదు. ఆ కుర్చీ పేరు. ఎవరు కూర్చుంటే వాళ్ళు లిల్లీ. పులుసు చూపించినా, కూతురు జడలు చూసినా... పేరు అడగలా. అసలు అడగాలనే తట్టలా.

ఆగస్టు 19

ఎందుకు పోయింది అని అడిగినా. మాకిచ్చిన రేటు వల్లనా అని కూడా అడిగినా.

"అది మా కంపెనీ లోపలి విషయం డియర్. పాత రేటుకు మేనేజరు అనుమతి లేదు."

అడ్వాన్స్ తిరిగి ఇస్తారా? ఇవ్వరు. కాగితంలో ఉందంట. ఉంది. చిన్న అక్షరాల్లో. చదవకుండానే సంతకం పెట్టినా, లిల్లీ పెట్టమంది గదా అని.

ఆగస్టు 20

శీనన్న వచ్చినాడు. కూర్చోలా.

"మాట్లాడింది నువ్వు గదమ్మా."

"అవునన్నా."

"ఎవరో ఏందో కనుక్కోవద్దా? మనిషి ముఖం చూసినానంటివే!"

ఈయనకు కోపం వచ్చింది. "ఆ రేటు కాడికి తొక్కమన్నది ఎవరు శీనన్నా? నువ్వు పక్కన కూర్చుని కొట్టించలేదా?"

ఇద్దరూ అరుచుకున్నారు. రోడ్డు మీద పోయే వాళ్ళు ఆగి చూసినారు. నేను మధ్యలో నిలబడి ఉన్నా. ఇద్దరి మాటా నిజమే. శీనన్న పోతా పోతా గుమ్మంలో ఆగి, గొంతు తగ్గించి అన్నాడు – "మీ వదినెకు ఏం చెప్పేదమ్మా నేను?"

ఆగస్టు 23

ఆమె వీడియో కాల్ చేసిన నంబరుకు చేసినా. కొత్త లిల్లీ ఎత్తింది. ఈమెకు కళ్ళజోడు. వెనక అదే బల్ల, అవే నీలం కోట్లు. ఏదైనా సాయం కావాలా డియర్, అంది. లేదన్నా.

ఆగస్టు 25

ఈయన బండి మీద రేవు వైపు తీసుకెళ్ళినాడు, ఊరికే. దూరంగా ఓడలు. బొగ్గు దించుతున్నారు. ఇంత పెద్ద ఓడలు మన ఊరి ముందర ఆగుతాయి, మన పెట్టె మాత్రం ఎక్కడో, ఎవరి చేతుల్లోనో. ఎవరిని పట్టుకుని అడగాల? గాలి, ఉప్పు, మసి. "బెంగపెట్టుకోవద్దు" అన్నాడు. బండి వెనక్కి తిప్పినాడు.

ఆగస్టు 28

బేరం మళ్ళీ మొదలుపెట్టినా. ఇంకేముంది చెయ్యడానికి? ఇరవై అన్నా. ఇరవై రెండు అంది. ఇరవైన్నర అన్నా. ఇరవై రెండు అంది. ఈమె ఏడుపు బొమ్మలు పంపదు. నవ్వు బొమ్మలూ పంపదు. గోడతో బేరం.

ఆగస్టు 30

ఇరవై ఒకటిన్నర, పెద్ద బ్యాటరీ. ఒప్పుకుంది. ఒప్పుకున్నానని ఒక్క ముక్క, "ఓకే" అని. దాన్ని పట్టుకుని మిగతాదంతా పంపాల.

శీనన్న ఫోనులో "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట తిట్టినట్టే ఉంది. కాసేపాగి ఆయన భాగం పంపించినాడు.

సెప్టెంబరు 7, ఆదివారం

ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఆమె కోసం ఏమని అడగాలో తెలీలా. పేరు లేకుండా ఎట్టా? రెండు జడల పిల్ల తల్లి, అన్నా. దేవుడికి తెలుస్తుందిలే.

సెప్టెంబరు 26

ఓడ ఎక్కిందంట.

అక్టోబరు 21

వాన. మూడు పూటలా వాన. షాపులోకి నీళ్ళు వస్తే స్పీకర్లన్నీ బల్లల మీదికి ఎత్తినాం. చెన్నైలో సరుకు దిగింది, కస్టమ్స్ వాళ్ళు కాగితాలు చూస్తున్నారంట. సరుకు విడిపించే ఏజెంటు "అయిపోతుంది మేడమ్" అంటాడు. ఎప్పుడు అంటే అదే మాట.

నవంబరు 5

ఇంకా అయిపోతుంది మేడమ్.

అయ్యప్ప బృందం వాళ్ళు నెల్లూరులో కొనుక్కున్నారంట. శీనన్న చెప్పలా, వేరేవాళ్ళు చెప్పినారు.

నవంబరు 19

వచ్చినాయి. మినీ లారీ షాపు ముందు ఆగింది. శీనన్న కూడా వచ్చినాడు, బనియన్ మీదనే దింపినాడు. ఈయనా ఆయనా ఒకే పెట్టె రెండు పక్కలా పట్టుకుని లోపలికి తెచ్చినారు. పెట్టె దించినాక శీనన్న "నడుం జాగ్రత్త దానియేలూ" అన్నాడు. ఈయన "ఊఁ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, లోపలికి పోయినా.

ఈయన ఒకటి విప్పినాడు. బ్యాటరీ మీద పెద్దదనే రాసి ఉంది. చేతిలో పెట్టుకుని ఎత్తి చూసినాడు. శాంపిల్‌లోది ఇంకో చేతిలో. పెదవి విరిచినాడు.

"తేలిగ్గా ఉందా?" అన్నాడు శీనన్న.

"ఉన్నట్టుంది. లేనట్టూ ఉంది. మోగించి చూడాల్సిందే."

నవంబరు 20

పొద్దున షాపు తీయగానే ఈయన ఒకటి ఆన్ చేసి బల్ల మీద పెట్టినాడు, చార్జింగ్ ఎంతసేపు వస్తుందో చూద్దామని. పాటలు మోగుతానే ఉన్నాయి. శీనన్న స్టూలు వేసుకుని దాని ముందే కూర్చున్నాడు, జ్వరం వచ్చిన బిడ్డ ముందు కూర్చున్నట్టు. అయ్యగారు ఫోన్ చేసినాడు, "వచ్చిందంట గదమ్మా?" వచ్చింది అయ్యగారూ, చూస్తున్నాం, అన్నా.

లిల్లీ మెసేజ్. "డియర్, సరుకు అందిందా? దయచేసి మాకు ఐదు నక్షత్రాల రేటింగ్ ఇవ్వండి. నాకు చాలా ముఖ్యం."

కింద ఐదు ఖాళీ నక్షత్రాలు. నొక్కితే పసుపు అవుతాయి.

శీనన్న చూసినాడు. "ఒక్కటి ఇయ్యి. బుద్ధొస్తది."

ఎవరికి? ఆ మేనేజరుకా? అవి పడేది కుర్చీలో కూర్చున్న దాని మీద. పోయినామెకు మాత్రం అవి చేరవు – మంచివైనా చెడ్డవైనా. ఐదూ ఇద్దామంటే... బ్యాటరీ ఏందో ఇంకా తేలలా. ఈమెకూ ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు.

మధ్యాహ్నం దాటింది. పాట సన్నబడినట్టు అనిపించి ముగ్గురం ఒకేసారి తలెత్తినాం. లేదు, పాటలోనే అట్లా ఉంది.

"ఆపి చార్జింగ్ పెట్టమంటావా?" అన్నాడు ఈయన.

వద్దన్నా. మోగనీ.

ఫోను చేతిలోనే ఉంది. ఏదీ నొక్కలా.