నవ్వుతున్న ఫోటోలు

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నారు. నేను పోలీసుల అదుపులో ఉన్నాను. ఆయన దవడ విరిగింది. మళ్ళీ మాట వచ్చి తన కథ మీకు చెప్పేలోగా జరిగింది మీకు తెలియాలని రాస్తున్నాను. నా తరఫు లాయరమ్మ ఈ ఉత్తరాన్ని ఫోన్‌లో పంపుతుంది.

ఈ ప్రయాణంలో మీకు పంపిన ఫోటోలన్నిటిలో నేను నవ్వుతూనే ఉన్నాను. ప్రతి ఊళ్ళోనూ ముందు చెంపదెబ్బ, తర్వాత ఫోటో. "ఇంత చదివావు, నవ్వడం రాదుటే?" అనేవారాయన. నిన్న కొండ మీద, లోయ అంచున ఉన్న ఇనుప కమ్మీ ఎక్కి కూర్చోమన్నారు. భయమన్నాను. జుట్టు పట్టి నా తలను కమ్మీకేసి కొట్టారు. నోరంతా రక్తం. నడుము పట్టి లోయవైపు ఎత్తుతుంటే, చేతికందిన కెమెరా స్టాండుతో ఆయన ముఖం మీద కొట్టాను. కింద పడ్డాక మళ్ళీ కొట్టాను. అదీ దాచను.

ఇక్కడి పోలీసులు ఆ ఫోటోలే చూపించి, "ఇంత సంతోషంగా ఉన్నదానివి ఎందుకు కొట్టావు?" అంటున్నారు.

మా అమ్మకు రాద్దామంటే తనకు చదవడం రాదు, తనేమీ చూడలేదు కూడా. చూసింది మీరొక్కరే. వంటింట్లో ఆయన నా చెయ్యి విరిచిన రోజు, "మగాడి కోపం పాలపొంగమ్మా" అంటూ కట్టు కట్టింది మీరే. నేను జారిపడ్డానని డాక్టరుతో చెప్పింది కూడా మీరే.

సోమవారం కోర్టులో విచారణ. మీరు చూసింది చూసినట్టు రాసి, సంతకం పెట్టి, లాయరమ్మకు పంపండి. కన్నకొడుకు మీద రాయలేనంటారా, ఆ మాటైనా శుక్రవారంలోగా తెలియజేయండి.

ఇట్లు,
మీ కోడలు