గురవయ్య క్యాసెట్‌కు ఆటో పెట్టిన రోజులు

ఆగస్టు 4, సోమవారం

నడుము. మళ్లీ నడుమే. స్టూలు మీద గంటకు మించి కూర్చోవద్దన్నాడు డాక్టరు. మైకుసెట్టు దుకాణం వాడు కూర్చోకుండా ఏం చేయాలో కూడా ఆయనే చెబితే బాగుండేది.

పొద్దున పుల్లలచెరువు బస్సుకు నాగమ్మ వచ్చింది. కొంగులో మూటగట్టి తెచ్చిన ఒకే ఒక క్యాసెట్. భర్త గురవయ్య ఇంట్లో కూర్చుని టేపురికార్డరులో పాడుకున్న తత్వాలు, ఆరు. మనిషి పోయి మూడు నెలలు... నా మైకు ముందు ఎన్ని భజనలకు పాడాడో.

"సీడీలో ఎక్కియ్యన్నా. మా పాప ఫోన్లో పెడతానంటాంది. ఇంకో క్యాసెట్టు ల్యా."

సరే అన్నాను. కాదని ఎట్లా అంటాను.

ఆగస్టు 5

అటక మీది సీడీ డిస్కు రికార్డరు దించాను. నిచ్చెన పట్టుకున్నంతసేపూ మా ఇంటావిడ ఖైరూన్ సణుగుడు — "నడుం ఇరిగితే నేను మొయ్యల్యా, ముందే చెప్తాండా." దుమ్ము దులిపి ప్లగ్గు పెడితే లైటు వెలిగింది. ఆశ్చర్యం.

గంట క్యాసెట్. అంతసేపు బటన్ దగ్గర కాపలా కూర్చోవడం నా వల్ల కాదు. దీనిలో ఆటో ఉంది — టేపు డెక్కు నుంచి వైరులో సౌండు వస్తే తనే రికార్డు మొదలుపెడుతుంది, సౌండు ఆగితే తనూ ఆగుతుంది. వేసి పడుకోవచ్చు. బద్ధకమే. ఒప్పుకుంటున్నాను.

ఆగస్టు 6

ఆటో కుదరడం లేదు. పాత టేపు కదా, సొయ్‌మని ఒకటే రొద. పాట రాకముందే ఆ రొదకే మొదలవుతోంది, మళ్లీ ఆగితే ఒట్టు. మొదటి పాట దగ్గరే రెండు డిస్కులు పాడయ్యాయి.

సాయంత్రం లెవెలు పెంచాను. ఎంత సౌండుకు మేలుకోవాలో మిషనుకు చెప్పేది అదే. గురవయ్యది కంచు గొంతు, మైకుకు మూరెడు దూరం నిలబెట్టేవాణ్ణి. ఆ గొంతును బట్టే పెట్టాను. రొదకు కదలదు, పాట ఎత్తుకోగానే ఎర్ర లైటు. భేష్ అనుకున్నాను. ఇంకెవరంటారు గనక.

ఆగస్టు 7

కరెంటు లేదు. పడుకున్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి క్యాసెట్ వేశాను. ఆటో. వెనక గదిలో మంచమెక్కాను. నిద్ర పట్టేసింది.

లేచేసరికి గరగర. టేపు రోలరుకు చుట్టుకుపోయింది... అయిదో పాటకూ ఆరో పాటకూ మధ్య. జానెడు ముక్క నలిగింది, ఒకచోట తెగింది. తెగిన చోటు వదిలేసి ఆరో పాట విడిగా ఎక్కించాను. మొత్తానికి ఆరూ డిస్కులో ఉన్నాయి. గండం గడిచింది.

ఆగస్టు 11

గడవలేదు.

నాగమ్మ వచ్చి ఆరు పాటలూ విన్నది. కళ్లు తుడుచుకుంది. నేను డిస్కు కవరులో పెడుతుంటే —

"కడపటి పాటకు ముందర నన్ను పిలిచినాడు గదన్నా. 'నాగమ్మా, రోంత నీళ్లియ్యి' అని. అదేది?"

లేదు.

"పాటలు నాకు నోటికొస్తాయిలే, పక్కన కూసోని ఇన్నవేగా. పెండ్లయినాక ఆయన నోట నా పేరొచ్చింది ఆ ఒక్కపారే. టేపు తిరగతాందని మర్సిపోయినాడో ఏందో."

మా వైపు పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే మగవాడు ఎక్కడ. ఏమే, ఓమ్మే, అంతే. నేనూ ఖైరూన్ పేరు ఈ పుస్తకంలో రాయడమే గానీ నోటితో అన్నది లేదు.

మెల్లగా అన్న మాట. నేను పెట్టిన లెవెలుకు అదీ రొదే, మిషను మేలుకోలేదు. బటన్ దగ్గర నేనుంటే డిస్కులోకి వచ్చేది. ఇప్పుడు అది ఆ నలిగిన జానెడు ముక్కలో ఉంది. టేపు పాతది, నేనేం చేసేది అనే మాట నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. పడుకున్నానని చెప్పేశాను.

"నీకు నడుం నొప్పి గదన్నా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 13

క్యాసెట్ విప్పాను. నలిగిన ముక్కను వేలితో సాపు చేసి, తెగినచోట సన్నగా అతికించాను. మూడు గంటలు స్టూలు మీదే. ఖైరూన్ టీ పెట్టి పోయింది. ఒక్కసారి తిరుగుతుందేమో... రెండోసారికి నాది పూచీ లేదు.

ఆగస్టు 15

జెండా పండుగ. రెండు బడులకు మైకులు. మనసంతా దుకాణంలోనే.

ఆగస్టు 16, శనివారం

ఆటో తీసేశాను. నాగమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. క్యాసెట్ డెక్కులో ఉంది, నా వేలు రికార్డు బటన్ మీద ఉంది.

"ఆగన్నా. మల్లా తెగితే?"

"తెగితే ఇంక ల్యా, చెల్లె."

"ఎయ్యకుంటే?"

"అందులోనే ఉంటాది. ఎన్నాళ్లుంటాదో నేను చెప్పల్యా."

డెక్కు వైపే చూస్తూ కూర్చుంది. నేను వేలు తీశాను. ఆమె బస్సు వేళయింది, లేచింది. "రేపొస్తా. నేను ల్యాకుండ నొక్కొద్దన్నా."

నొక్కను. రేపు వచ్చి నొక్కమంటుందో, అట్లాగే ఇచ్చెయ్యమంటుందో... నొక్కమంటేనే నాకు భయం.