తెల్ల ప్లగ్గు

జూన్ 3, మంగళవారం

అక్క వాళ్ళింట్లో కంప్యూటర్ పోయింది. పదకొండేళ్ళ కిందట బావ ఒక్కో పార్టూ ఏరి తెచ్చి తన చేత్తో బిగించింది. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద నాలుగు కెపాసిటర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పాపం, ఇన్నాళ్ళూ కడుపుబ్బరంతోనే ఉద్యోగం చేసిందిరా ఇంకూ, అన్నాడు బావ.

ఇంకు అంటే నేనే. బావ నన్ను అసలు పేరు పెట్టి పిలిచి ఇరవై రెండేళ్ళయింది. అంతకుముందు జిరాక్స్ షాపులో చేసేవాణ్ణి. పని అడగడానికి బావ రిపేరు షాపుకి వెళ్ళిన రోజు నా నల్లటి చేతులు చూసి, బావమరిదినన్న మొహమాటం కూడా లేకుండా, చేతులు కడుక్కుని సోమవారం నుంచి రా అన్నాడు. అప్పట్నుంచీ బోర్డులు ఆయనవి, ప్రింటర్లు నావి. ప్రింటర్ బాగుచేసేవాడు మెకానిక్కే కాదని ఆయన అభిప్రాయం. టోనర్ పొడి నింపీ నింపీ నా వేళ్ళు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి.

కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఆర్డర్ పెట్టాడు. పాత వాటిలో పవర్ సప్లై, డిస్కు బాగానే ఉన్నాయట. అక్క ఒక పబ్లిషర్‌కి స్కూలు పుస్తకాలు టైప్ చేసిపెడుతుంది. సైన్సు పుస్తకం సగంలో ఆగిపోయిందని గోల పెడుతోంది.

జూన్ 4, బుధవారం

అక్క ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడితేనే అర్థమైంది, బావ గురించేనని.

12వ తారీకున డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుందట. షాపులో బావ ఏమేం మర్చిపోతున్నాడో ఒక కాగితం మీద రాసి ఇమ్మంది. రాశాను. ఒకరి హార్డ్‌డిస్క్ ఇంకొకరికి ఇచ్చాడు. టీ తాగిన పది నిమిషాలకి టీ ఏదిరా అని అరిచాడు. నిన్న కస్టమర్ ఎదుట స్క్రూడ్రైవర్ అనే మాట నోటికి రాక చేత్తో తిప్పి చూపించాడు. కస్టమర్ నవ్వాడు, నేనూ నవ్వాను. బావ నవ్వలేదు.

మళ్ళీ అక్కే ఫోన్ చేసింది. కొత్త బోర్డు రానీ, బిగించనీ, చూద్దాం అంది. అది మీ బావ కళ్ళు మూసుకుని చేసే పని, అది చేసేస్తే మిగతాదంతా వయసే, అపాయింట్‌మెంట్ మానేద్దాం అంది. ఎవరితో బేరమాడుతోందో నాకు తెలీదు. సరే అక్కా అన్నాను.

జూన్ 6, శుక్రవారం, సాయంత్రం

బోర్డు వచ్చింది. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి కూర్చున్నాడు. ముందు కేసు రేకు మీద అరచెయ్యి ఆనించాడు, ఒంట్లో ఉన్న కరెంటు పోవడానికి. ప్రాసెసర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని సాకెట్‌లో పెట్టాడు, నొక్కలేదు. దాని మీద వేడి లాగే పేస్టు శనగగింజంత. స్క్రూలు ఎదురెదురు మూలల్లోవి ముందు. నేను టార్చి పట్టుకున్నాను. ఇంత అందంగా పనిచేసే మనిషికి జబ్బేమిటి అనుకున్నాను.

బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. బీప్ లేదు.

అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒకసారి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 7, శనివారం

షాపు మధ్యాహ్నమే మూసేశాం. ర్యామ్ తీసి పెట్టాడు. ఒకటే పెట్టి చూశాడు. స్లాట్ మార్చాడు. గుండ్రటి బ్యాటరీ పీకి పది నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టాడు. చివరికి బోర్డు మొత్తం విప్పి అట్టపెట్టె మీద పెట్టి చూశాడు. అదే వరస. ఫ్యాన్లు మాత్రం హుషారుగా తిరుగుతున్నాయి.

కేసుని పక్కకి వాల్చినప్పుడు నాకు కనిపించింది. రేకు వెనకాల ఓ నాలుగు వైర్ల కేబుల్ వేలాడుతోంది. చివర తెల్ల ప్లగ్గు. దేనికీ తగిలించి లేదు.

ప్రింటర్లవాడినైనా అది నాకూ తెలుసు. ప్రాసెసర్‌కి కరెంటు వేరే వైరులో వస్తుంది. అది పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ పని జరగదు. ఇంట్లో సొంతంగా బిగించుకుని బోర్డు పాడైందని షాపుకి తెచ్చేవాళ్ళలో సగం మంది చేసే తప్పు ఇదే. అలాంటి వాళ్ళు వెళ్ళిపోయాక బావ పడీపడీ నవ్వేవాడు. వడ్డించారు కానీ తినమని చెప్పలేదురా అనేవాడు.

ఇప్పుడు ఆయన చూపు దాని మీద రెండుసార్లు పడింది. రెండుసార్లూ దాటి వెళ్ళిపోయింది.

చెబుదామని నోరు తెరిచాను. అక్క ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో చేతులు పెట్టుకుని, పరీక్ష రాస్తున్న పిల్లాడి తల్లిలా. నోరు మూసుకున్నాను.

జూన్ 8, ఆదివారం, ఉదయం 10

బావ స్నానానికి వెళ్ళాడు. అక్క మేడ మీద బట్టలు ఆరేస్తోంది. బోర్డు మళ్ళీ కేసులో బిగించే ఉంది.

ఆ ప్లగ్గు పెట్టేశాను. టక్ మంది. అంతే.

మధ్యాహ్నం 1

స్క్రీన్ వచ్చింది. బీప్ కూడా వచ్చింది. స్నానం చేసొచ్చి బటన్ నొక్కిన బావ తడితలతోనే గట్టిగా కేక పెట్టాడు. ర్యామ్ స్లాట్‌లో దుమ్ము ఉండి ఉంటుందని తేల్చాడు. అక్క మేడ మీంచి పరిగెత్తుకొచ్చి స్క్రీన్ చూసి నవ్వింది. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. బావ, మీ అక్కకి పిచ్చి పట్టిందిరా అన్నాడు.

మూత బావే బిగించాడు. బిగించే ముందు టార్చి వేసి లోపల చాలాసేపు చూశాడు. ఏం చూస్తున్నావు బావా అంటే, ఏం లేదు, బాగుంది కదా అన్నాడు.

ఇంటికొచ్చి డాక్టర్‌కి రాసిన కాగితం చింపేశాను.

జూన్ 9, సోమవారం

అక్క అపాయింట్‌మెంట్ కేన్సిల్ చేసింది.

జూన్ 27, శుక్రవారం

సైన్సు పుస్తకం పూర్తయిందట. అక్క హుషారుగా ఉంది. ఇవాళ షాపుకి తాళం వేశాడో లేదో అని బావ సగం దారి నుంచి రెండుసార్లు వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్తాను అప్పుడప్పుడు. అందరూ వెళ్తారు.

జూలై 22, మంగళవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున తొమ్మిదింటికి బావ ఇంట్లోంచి బయల్దేరాడు. పదకొండైనా షాపుకి రాలేదు. ఫోన్ ఇంట్లోనే ఉంది. అక్కా, నేనూ చెరో వైపు వెతికాం. వానలో ఎక్కని మెట్టు లేదు, అడగని మనిషి లేడు. చివరికి పాత షాపు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట ఖాళీ చేసి వచ్చేశాం. ఇప్పుడది చెప్పుల షాపు.

అక్కడే ఉన్నాడు. పక్కనున్న షట్టర్ తాళంలో మా తాళంచెవి తిప్పుతూ ఉన్నాడట, చెప్పుల షాపాయన లోపలికి తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నిలువునా తడిసిపోయాడు. నన్ను చూసి, ఏరా ఇంకూ, ఇంత ఆలస్యమా, నా బోర్డులన్నీ తీసేసి చెప్పులు పెట్టారేమిట్రా అని కోప్పడ్డాడు.

ఆటోలో దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. సగం దారిలో అంతా తెలిసొచ్చినట్టుంది. తల దించుకున్నాడు.

జూలై 23, బుధవారం

అక్కకి చెప్పేశాను. ఆ ఆదివారం కంప్యూటర్ అసలు ఎలా పనిచేసిందో, కాగితం ఏమైందో, అన్నీ.

ఎందుకు చేశావని అడగలేదు. ఏ వైరు అని అడిగింది. మూత తీసి చూపించాను. వంగి దాన్ని చూసింది. తర్వాత, నిన్ను నా తమ్ముడివనుకున్నానురా, నువ్వు ఆయన బావమరిదివి అంది. ఆరు వారాలు పోగొట్టావు అంది. అరిచి ఉంటే బాగుండేది.

జూలై 24, గురువారం

డాక్టర్ దగ్గరకి ముగ్గురం వెళ్ళాం. జబ్బు పేరు చెప్పారు. తగ్గదట. కొంచెం ముందు వచ్చి ఉంటే కొంచెం బాగుండేది అన్నారు. అందరితో అలాగే అంటారేమో. అక్క నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కిటికీ వైపు తిరిగింది.

ఆగస్టు 3, ఆదివారం

బావ రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళేసరికి కంప్యూటర్ మూత తీసి బల్ల మీద పెట్టి ఉంది. ప్రింటర్లు చాలుగానీ ఇక బోర్డు పని నేర్చుకో అన్నాడు. నేనున్నప్పుడే నేర్చుకో అనలేదు, నాకు గుర్తున్నప్పుడే నేర్చుకో అన్నాడు. ఒక్కో కేబులూ పీకించి, మళ్ళీ నాతోనే పెట్టించాడు. తప్పు చేస్తే మొట్టికాయ వేశాడు. నాకు నలభై ఎనిమిదేళ్ళు.

తెల్ల ప్లగ్గు దగ్గరకి వచ్చేసరికి టార్చి వేశాడు. దాని మీద నల్లటి బొటనవేలి ముద్ర. టోనర్. ఎవరూ అడగక్కర్లేదు ఎవరిదని.

ఆ ఆదివారమే చూశానురా అన్నాడు. నేనేం మర్చిపోయానో, నువ్వేం చేశావో రెండూ అప్పుడే తెలిశాయి అన్నాడు. మరి అక్కతో ఎందుకు చెప్పలేదు బావా అన్నాను. మీ అక్క ఎన్నాళ్ళకో నవ్వింది కదరా, దాన్ని చూస్తూ నేనెలా చెప్పను అన్నాడు. తనకీ భయమేసిందట. కొన్నాళ్ళు నీ అబద్ధంలోనే తలదాచుకుందామనిపించింది అన్నాడు.

గుమ్మంలో అక్క ఉంది. ఎప్పుడొచ్చిందో. లోపలికి వెళ్ళి మూడు కప్పులు టీ తెచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది. పది రోజులకి మొదటిసారి.

గుడ్డతో ఆ ముద్ర తుడవబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. ఉండనీ, రేపు నేను మళ్ళీ ఇక్కడ తడబడితే నువ్వున్నావని తెలుస్తుంది అన్నాడు. నాకు ఏడుపాగలేదు. ఆయనకీ ఆగలేదు. అక్క టీ చల్లారిపోతోందని మా ఇద్దర్నీ కసిరింది.

మార్చి 11, బుధవారం

కంప్యూటర్ బాగానే ఉంది. అయినా బావ ఇవాళ మూత తీశాడు. టార్చి వేసి లోపల చాలాసేపు చూశాడు. ఈ మురికి వేలు ఎవరిదండీ అని అడిగాడు.

నాదే అన్నాను.

నా చేతులు చూశాడు. పని కోసం వచ్చారా అన్నాడు. అవునన్నాను.

చేతులు కడుక్కుని సోమవారం నుంచి రమ్మన్నాడు.