రంగుల కొట్లో నాకో కుర్చీ

అబ్బాయీ, నీకు నా ఆశీస్సులు. నేను కులాసా, నా నడుము గురించి ఇక బెంగ పెట్టుకోకు.

కంప్యూటర్లో పివోట్ టేబుల్ నేర్చుకుంటే రంగుల డబ్బాలు మోసే పని తప్పించి కుర్చీలో కూర్చోబెడతానని యజమాని అన్నాడు కదా, నిన్న నేర్చేసుకున్నాను! ఏడాది అమ్మకాలన్నీ షీటులో వరసలు వరసలుగా ఉంటాయి. రంగుని ఒక గడిలోకి, నెలని ఇంకో గడిలోకి లాగి వదిలితే చాలు, ఏ నెలలో ఏ రంగు ఎంత పోయిందో చిన్న పట్టికగా వచ్చేస్తుంది. మొదటిసారి లాగేసరికి పాత వరసలు ఒక్కటీ కనబడలేదు. గభాలున కుర్చీలోంచి లేచాను.

“ఏంటి పెద్దాయనా, లేచి నిలబడ్డారు?” అంది నేర్పే అమ్మాయి.

“ఏడాది లెక్కంతా పోగొట్టేశానమ్మా.”

“ఎక్కడికీ పోలేదు, పక్క షీటులో భద్రంగా ఉంది. ముందు మీరు కూర్చోండి!”

ఇక భోజనం వేళ దాకా నెలల్ని పైకీ, రంగుల్ని కిందికీ మారుస్తూనే ఉన్నాను. యజమాని వచ్చి చూసి, “ఇంక ఆ కుర్చీ మీదే” అన్నాడు.

బీరువా పై అరలో ఉన్న నా చదువుకునే కళ్లద్దాలు పంపు. వంటింటి కుళాయి బాగుచేయించావా? పెద్దమ్మాయికి దగ్గు తగ్గిందా? పిల్లలందరికీ ఆశీస్సులు. పనిచోట నేను కూర్చుని ఉండగా నువ్వెప్పుడూ చూడలేదు, వీలు చూసుకుని ఒకసారి రా.