శనివారం మనది కాదు

నాన్నా,

బాగున్నావా అని అడిగితే నవ్వుతావేమో... నువ్వు వెళ్ళి రేపటికి తొమ్మిది నెలలు. కొట్టు నేనే చూసుకుంటున్నాను. లేసులు, బొత్తాలు, దారాలు అన్నీ నువ్వు సర్దిన అరల్లోనే ఉన్నాయి. అమ్మ బాగానే ఉంది. శనివారం ఉపవాసం మాత్రం మానదు, డాక్టర్ వద్దన్నా సరే.

ఆ శనివారం గురించే ఈ ఉత్తరం.

ఈ ఏడు అద్దె బాగా పెంచారు. మన గేలాంగ్ సెరాయ్ బజారుకి జనం వచ్చేదే శనివారం, ఆ రోజే షట్టర్ దించుకుంటే ఎలా సర్వైవ్ అవుతాం లా, అని నీ మనవడు వాడి లా లా యాసలో రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. వాడన్నదాంట్లో తప్పేముంది? ఇలాగే సాగితే వచ్చే ఏడాదికి కొట్టు ఉండదు. తెరుద్దామంటే నీ మాట అడ్డొస్తుంది. చిన్నప్పటి నుంచీ విన్నదేగా... "శనివారం మనది కాదమ్మా. కడై తియ్యకూడదు." కొట్టుని నువ్వెప్పుడూ కడై అనే అనేవాడివి.

మనది కాకపోతే ఎవరిది? వేంకటేశ్వరస్వామిది. అమ్మ కాపురానికి వచ్చేసరికే శనివారం మూత కాబట్టి, ఇంట్లో అందరం అదే అనుకున్నాం. మా ఆయన స్వామి కోసం బేరాలే మానుకుంటారని గుడిలో కనబడిన ప్రతి ఆంటీకీ అమ్మ చెప్పుకుంది. నువ్వు పక్కనే నిలబడి విన్నావు. ఒక్కసారైనా కాదన్నావా?

పోయిన నెల మెల్‌బోర్న్ నుంచి ఒక పెద్దావిడ కొట్టుకొచ్చింది. మిడిల్ రోడ్‌లో నువ్వు పని నేర్చుకున్న యూదుల కొట్టు... తౌకే, తౌకే అని నువ్వు తలుచుకునే ఆ యజమాని గారి కూతురు, రేచల్ ఆంటీ. నిన్ను చూద్దామని వెతుక్కుంటూ వచ్చింది. నువ్వు లేవని చెప్పగానే స్టూల్ మీద అలా కూర్చుండిపోయింది. ఆవిణ్ణి చూసి నాకూ ఏడుపొచ్చింది.

కాసేపటికి అరల్లోని అట్టపెట్టెలు చూసి నవ్వింది. మలయ్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసి పెట్టావు కదా... లేసుకి రెండా, బొత్తానికి బుతాంగ్. వాళ్ళ తాత కూడా ఇంతేనట. మాట అరబ్బీ, రాత హీబ్రూ. బాగ్దాద్ నుంచి కలకత్తా, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి, భుజాన గుడ్డల మూటతో ఇల్లిల్లూ తిరిగాడట. యూదు వర్తకులనగానే అందరికీ పెద్ద బంగళాలే గుర్తొస్తాయనీ, అలాంటివాళ్ళు కొద్దిమందేననీ, తమ వీధి నిండా ఇలాంటి చిన్న కొట్లేననీ చెప్పింది. యుద్ధంలో జపాన్ వాళ్ళు తౌకేని క్యాంపులో పెట్టారట. తిరిగొచ్చేసరికి అరలన్నీ ఖాళీ. బొత్తాలతో మళ్ళీ మొదలుపెట్టారు. అంత కష్టంలోనూ, శనివారం దేవుడి రోజని, శుక్రవారం పొద్దుగూకితే తలుపేసేవారట. మళ్ళీ తెరిచేది ఆదివారమే.

అప్పుడు నీ సంగతి చెప్పింది. నువ్వు అక్కడే రెండు గుమ్మాల అవతల సొంత కొట్టు పెట్టావు. అవే లేసులు, అవే బొత్తాలు. మొదటి శనివారం నీ కొట్టూ మూసే ఉంది. ఒంట్లో బాగాలేదేమో కనుక్కురమ్మని మర్నాడు తౌకే ఆవిణ్ణి పంపారట. నువ్వు మలయ్‌లో చెప్పిన జవాబు ఆవిడకి ఇంకా గుర్తుంది. "తౌకే దేవుడి కోసం కడై మూసుకుంటే, ఆయన గిరాకీని నేను పిలుచుకోవడమా? ఆ రోజు నాది కాదు."

నాన్నా... ఆయన కొట్టు ఎత్తేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాక, నువ్వు ఈ బజారుకి మారాక కూడా ఎందుకు మూశావు? అలవాటా? అభిమానమా? అమ్మ ముచ్చట చెడగొట్టలేకా? నాకైనా ఒక్క మాట చెప్పొద్దూ! రెండు రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్పనా?

నీకు తెలియనిది ఇంకొకటుంది. నువ్వు మంచాన పడ్డాక మన ఎదురుగా హమీద్ అంకుల్ కొట్టు పెట్టారు. మన సరుకే. శుక్రవారం మధ్యాహ్నం షట్టర్ దించి నమాజుకు వెళ్తారు. ఆయన కోసం వచ్చిన ఆడవాళ్ళని నేను గుమ్మంలో నిలబడి, రండి రండి అని పిలిచేదాన్ని. ఎంత గడుసుదాన్నో అని మురిసిపోయాను కూడా... ఆంటీ వెళ్ళిన తర్వాతి శుక్రవారం గుమ్మంలో నిలబడలేకపోయాను. సిగ్గేసింది నాన్నా.

వచ్చే వారం నుంచి శనివారం తెరుస్తాను. నువ్వు ఎవరి కోసం మూశావో ఆ తౌకే లేరు, నువ్వు పెట్టిన కొట్టు నిలబడాలి. తిట్టవనే అనుకుంటున్నాను.

మొన్న కొత్త బోర్డు పెట్టించాను. శుక్రవారం ఒంటిగంట నుంచి మూడు వరకు సెలవు అని. హమీద్ అంకుల్ రోడ్డు దాటి వచ్చి చదివి, ఎందుకమ్మా అని అడిగారు.

నీ మాటే చెప్పాను. ఆ పూట మనది కాదని.

నీ
సరళ